అట్లకాడ బదులు తాపీ

"నా తాపీతో అట్లు తిప్పమాకే. ఎన్నిసార్లు చెప్పాలి నీకు."

"అట్లకాడ విరిగి ఎన్నాళ్లయింది మావా. చేత్తో తిప్పనా?"

"సాయంత్రం తెస్తాలే."

"తెస్తాలే తెస్తాలే అంటానే ఉన్నావు. తెచ్చేదాకా ఇదే అట్లకాడ."

ఆయన నా చేతిలోంచి తాపీ లాక్కుని, తుండుగుడ్డతో తుడిచి, సంచిలో వేసుకుని బండెక్కాడు. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. బండి చప్పుడు ముక్త్యాల రోడ్డు మలుపు దాకా వినపడింది. తర్వాత సిమెంటు లారీల చప్పుడులో కలిసిపోయింది. తిప్పడానికి ఏమీ లేక పెనం మీద అట్టు మాడింది. దాన్ని గీకి కోళ్లకేశాను.

ఇది రాస్తున్నది నేను కాదు, మా అన్న కూతురు. నందిగామలో డిగ్రీ చదువుతోంది. నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు బోర్డు మీద జగ్గయ్యపేట ఏదో నందిగామ ఏదో చెప్పగలను, అదీ అక్షరాల ఆకారం చూసి. నేను చెబుతుంటే అది రాస్తోంది. నా మాటల్ని కాస్త పుస్తకం భాషలోకి దిద్దుతానంది. దిద్దుకో, కానీ ఆయన మాటలు ఆయన అన్నట్టే ఉంచు అన్నాను. మిగతావాళ్ల మాటలు కూడా అలాగే ఉంచుతానని ఒప్పుకుంది.

మా ఆయన తాపీ మేస్త్రీ. జగ్గయ్యపేటలోనూ నందిగామలోనూ ఎందరికో స్లాబు ఇళ్లు కట్టినవాడు, జగ్గయ్యపేటలోనే ఉన్న మా ఇంటికి మాత్రం రేకులే వేశాడు. వచ్చే ఏడు స్లాబు వేద్దామని ప్రతి ఏడూ అనేవాడు. మాకు పిల్లల్లేరు. రెండు గదులు, ముందు వరండా, వరండాలో పొయ్యి. గోడలు మాత్రం చూడాలి. చెయ్యి పెట్టి రాస్తే అద్దంలా ఉంటాయి.

ఆ రోజు ఆయన పని నందిగామలో. పరంజా మీద నుంచుని గోడకు ప్లాస్టరింగు చేస్తున్నవాడు కిందికి దిగి, గుండెల్లో పట్టేసినట్టుందని ఇటుకల మీద కూర్చున్నాడట. కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. ఎండ ఇంకా ఎక్కనే లేదు అప్పటికి.

ఆయన వెనక ఆయన సామాను వచ్చింది. పెద్ద మేస్త్రీ, అంటే ఆ ముఠాకు పెద్ద, ఖాళీ సిమెంటు సంచిలో అన్నీ వేసి తెచ్చి వరండాలో పెట్టాడు. తాపీ, రసమట్టం, గోడ నిలువు చూసే గుండు, దారం చుట్ట, కటింగు ప్లేయరు, ఒక కొత్త బ్రష్షు. అందరూ ఏడుస్తుంటే నేను ఆ సంచిలో చెయ్యి పెట్టి వెతికాను.

"ఏం వెతుకుతున్నావే?" అని మా వదిన అడిగింది.

"అట్లకాడ" అన్నాను.

మతి పోయిందనుకుని నన్ను చంకల కింద పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది. మతి ఏమీ పోలేదు నాకు. పొద్దున్నే పోయిన మనిషి సాయంత్రం కొనాల్సింది ఎట్లా తెస్తాడు. నాకూ తెలుసు. అయినా చూశాను.

చర్చి వాళ్లు వచ్చి ఆదరణ కూడిక పెట్టి, పాటలు పాడి, ప్రార్థన చేసి వెళ్లాక మా అన్న కూర్చుని అసలు మాట ఎత్తాడు. మా అన్న నందిగామలో ఉంటాడు. మంచివాడు. మంచివాడు కాకపోతే నాకింత ఇబ్బంది ఉండేది కాదు.

"ఇల్లు ఎవరికన్నా అద్దెకిచ్చేసి మాతో వచ్చెయ్. నువ్వొక్క మనిషివి మాకేం బరువు కాదు."

"బరువు కాకపోవచ్చులే అన్నయ్యా. నేనక్కడ ఏం చెయ్యాలి?"

"ఏం చేస్తావు. తింటావు, చర్చికెళ్తావు, కూర్చుంటావు."

ఆ కూర్చుంటావన్న మాటే నాకు పడలేదు. పెళ్లయిన నాటి నుంచి నేను కూర్చున్నది భోజనానికీ ప్రార్థనకీ తప్ప ఇంకెప్పుడూ లేదు. మా వదిన వంటింట్లో నేనొక పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ, ఇవి సన్నగా తరగాలా లావుగా తరగాలా అని అడుగుతూ మిగతా బతుకు గడపడం నా కళ్లకు కట్టింది. కొన్నాళ్లు ఆగు అన్నాను. ఎన్నాళ్లు అన్నాడు. నేను చెప్పేదాకా అన్నాను. మా అన్న మొహం చిన్నబుచ్చుకుని బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున అట్ల పిండి పులిసిపోతోందని పెనం పెట్టాను. తిప్పడానికి తాపీ తప్ప ఏముంది. దాన్ని బూడిద వేసి తోమాను, చింతపండు పెట్టి తోమాను, ఇటుక పొడి పెట్టి తోమాను. వేడినీళ్లు పోశాను. సిమెంటు మరక పోయి ఇనుము తెల్లగా బయటపడింది. ఆ తాపీ అంచు ఆయన చేతిలో అరిగి అరిగి పల్చబడి ఉంది. కొట్లో కొన్న ఏ అట్లకాడా అట్టు కిందికి అంత మెత్తగా దూరదు. అట్టు చిరగదు, మడత పడదు, ఎంత పల్చగా వేస్తే అంత పల్చగా లేస్తుంది. ముట్టుకోవద్దని ఆయన ఎందుకు అరిచేవాడో నాకప్పుడు అర్థమైంది. అంత మంచి పనిముట్టు ఎవరిస్తారు ఇంకొకరికి.

అక్కడి నుంచి ఆ సంచిలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా వంటింట్లోకి వచ్చాయి. పట్టకారు బిగి వదిలి గిన్నె జారిపోతుంటే కటింగు ప్లేయరుతో దించాను. దానికి రబ్బరు పిడి ఉంటుంది కదా, చెయ్యి కాలదు. పొయ్యి ఒక పక్కకు ఒరిగి నూనె అంతా ఒకే వైపు చేరుతుంటే రసమట్టం పెట్టి చూసి, కింద పెంకు ముక్కలు పెట్టి సరిచేశాను. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ పొయ్యి వంకరగానే ఉండేది.

అన్నీ కుదిరాయని చెప్పను. కొత్త బ్రష్షు ఉంది కదా అని దాంతో పెనానికి నూనె రాశాను. వేడికి దాని వెంట్రుకలు ఊడి అట్టుకు అంటుకున్నాయి. పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి, "నీ అట్టుకి మీసాలొచ్చినయ్యే" అంది. మళ్లీ సగం ఉల్లిపాయకే వచ్చాను. ఇంకోసారి ఆయన నీళ్లు మోసే రేకు బకెట్లో చింతపండు నానబెట్టి, పొద్దున ఆ పులుసుతోనే చారు కాచాను. నోట్లో పెట్టుకుంటే నాలుక మీద తుప్పు రుచి. మధ్యాహ్నానికి కడుపులో తిప్పింది. పులుపును రేకు దగ్గరికి రానివ్వకూడదని అట్లా తెలిసింది.

"నువ్వు వంట చేస్తన్నావా, వంటిల్లు కడతన్నావా?" అని పక్కింటావిడ అడిగేది.

"రెండూ" అనేదాన్ని.

ఒక ఆదివారం పెద్ద మేస్త్రీ పలకరించడానికి వచ్చాడు. ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు, నేను అన్నా అంటాను. వరండాలో కూర్చోబెట్టి అట్టు వేసి పెట్టాను. తాపీతో తిప్పుతుంటే చూశాడు.

"నాకు పనియ్యన్నా" అన్నాను.

"నీకేం పనిచ్చేది చెల్లెమ్మా. సిమెంటు మాలు తట్ట మోస్తావా? మోకాళ్లు నొప్పులని ఆడు చెప్పేవాడే."

"మొయ్యను. వండుతా."

ఆయన అట్టు తుంచి నోట్లో పెట్టుకుని ఆలోచించాడు. మా వైపు స్లాబు వేసిన రోజు ఇంటి ఓనరు పనివాళ్లందరికీ కోడికూరతో భోజనం పెడతాడు. అది పెట్టకపోతే స్లాబు నీళ్లు కారుతుందని పనివాళ్లు ఏడిపిస్తారు. స్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపడానికి లేదు. పొద్దున కొబ్బరికాయ కొట్టి మిక్సరు తిప్పితే ఆఖరి తట్ట పడేదాకా మెట్ల మీద నడక ఆగదు. ఆ తర్వాత తినే అన్నం అది. ఈ మధ్య ఓనర్లు హోటలు పొట్లాలు తెప్పించి చేతులు దులుపుకుంటున్నారు. మా ఆయన ఆ పొట్లం తిని ఇంటికొచ్చి, "స్లాబు బరువు, బిర్యానీ తేలిక" అని మళ్లీ కంచం పెట్టించుకునేవాడు.

ఆ మాట గుర్తుచేశాను. పెద్ద మేస్త్రీ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి చెప్పాడు.

"నందిగామలో ఒక స్లాబు పడుద్ది. ఓనరు గారితో మాట్లాడతా. ఆ రోజు నువ్వు వండు. మావాళ్లు కడుపునిండా తింటే బిల్డింగు అయ్యేదాకా టిఫిను, భోజనం నీయే. ఆ తర్వాత సైటూ నీదే. తినలేదనుకో, నన్ను తిడతారు. మళ్లీ నిన్ను పిలవలేను, ఏమనుకోమాక."

"అనుకోను" అన్నాను.

ఆ సాయంత్రమే మా అన్నకు ఫోను చేశాను. ఆ రోజు వంట చెడితే ఇంటికి తాళం వేసి నీ వెనకే వచ్చేస్తాను, ఇంకెప్పుడూ ఎదురు చెప్పను అన్నాను. మా అన్న, "ఆ రోజు నేనూ వస్తా తినడానికి" అన్నాడు. రమ్మన్నాను.

అట్లా ఒక్క పూట కూడు మీద నా ఇల్లు పెట్టాను.

స్లాబు రోజు తెల్లవారుతూనే జగ్గయ్యపేటలో బస్సెక్కాను. సంచిలో కారం, మసాలా, నేను నూరిన అల్లంవెల్లుల్లి, వాటి కింద గుడ్డలో చుట్టిన తాపీ. అంత మందికి వండేటప్పుడు తాపీతో పనేముందని కాదు. అది లేకుండా పొయ్యి దగ్గర నుంచోవడం అలవాటు తప్పింది, అంతే.

నేను దిగేసరికి సైటులో మిక్సరు తిరుగుతోంది. వెనక ఖాళీ జాగాలో ఇటుకలతో రెండు పొయ్యిలు పేర్చి ఉంచారు. అద్దె సామాన్ల ఆటో వచ్చింది. పెద్ద గుండిగలు దిగాయి, మూతలు దిగాయి, నీళ్ల డ్రమ్ము దిగింది. గరిటెల మూట దిగలేదు. అన్నం కలిపే గరిటె లేదు, కూర తిప్పే గరిటె లేదు, గంజి వార్చే చిల్లుల మూత లేదు, వడ్డించే హస్తాలు లేవు. అద్దె సామాన్ల కొట్టు అతనికి ఫోను చేశాను.

"గరిటెల మూట ఏది నాయనా?"

"ఆటోలో ఏసానండి."

"గుండిగలున్నయ్యి, మూట లేదు."

"అయితే కల్యాణమండపంలో దించేసుంటాడండి. ఆళ్ల భోజనాలయ్యేదాకా తేవటం కుదరదండి. సాయంత్రం పంపిస్తా."

"సాయంత్రం వాటితో వీపు గోక్కోనా?"

అతను ఫోను పెట్టేశాడు. పెద్ద మేస్త్రీ పైనుంచి దిగి వచ్చాడు. బట్టలంతా సిమెంటు. సంగతి విని చేతులు తుడుచుకుని ఫోను తీశాడు.

"పోనీలే చెల్లెమ్మా, నీ తప్పేం లేదు. హోటల్‌కి చెప్పేస్తా, పొట్లాలు పంపుతారు. ఇంకో స్లాబుకి చూద్దాం."

"చెప్పమాక" అన్నాను.

"గరిటెలు లేకుండా ఏంతో తిప్పుతావు?"

"అది నేను చూసుకుంటా. నువ్వు పైకెళ్లి స్లాబు చూసుకో."

సైటుకు ఎదురుగా రోడ్డుకు అవతల హార్డ్‌వేరు షాపు ఉంది. చీర కుచ్చిళ్లు దోపుకుని రోడ్డు దాటాను. కొట్లో ఒకావిడ కూర్చుని మేకులు తూకం వేస్తోంది.

"షవలు కావాలండి. రంగు పుయ్యంది."

షవలంటే మట్టి తవ్వే వంగిన పార కాదు. కంకర ఎత్తి పోసే నిటారు పార.

"దేనికమ్మా? ఇసకకా, కంకరకా?" అంది ఆవిడ తల ఎత్తకుండా.

"కూరకి."

అప్పుడు తల ఎత్తింది. గరిటెల మూట సంగతి చెప్పాను. కళ్లజోడు పైకి తోసుకుని లేచి నాతోపాటు కొట్టంతా తిరిగింది. రంగు లేని షవలు ఒక్కటే దొరికింది. గంజి వార్చడానికి స్టీలు జాలీ ముక్క కత్తిరించి ఇచ్చింది. అన్నం వడ్డించడానికి, గోడలకు పుట్టీ పెట్టే స్టీలు రేకులు తీసుకున్నాను. చారుకు కొత్త ప్లాస్టిక్కు మగ్గులు. ఆవిడ రేకు బకెట్లు చూపించింది.

"చారు దీంట్లో పోసుకుంటావా?"

"వద్దండి. దాని రుచి నాకు తెలుసు."

"వాడి మళ్లీ తెస్తే తీసుకోను, ముందే చెప్తన్నా" అంది.

"తేను. ఇయ్యి నావే ఇంక."

షవలును పొయ్యిలో పెట్టి, దాని మీద నూనె పూత అంతా పొగై పోయేదాకా కాల్చాను. ఇటుక పొడితో తోమి, నీళ్లు పోసి, ఆరడానికి గోడకు ఆనించాను. కమ్మీలు కట్టే అతన్ని పిలిచి, అన్నం గుండిగ మూతికి జాలీ బిగించమన్నాను. అతను స్లాబు కమ్మీలు కట్టినట్టే బైండింగు తీగతో అంచు చుట్టూ మెలిపెట్టి, "దీనిమీద కాంక్రీటు పోసినా ఊడదు పిన్నీ" అన్నాడు. అన్నం ఉడికాక ఇద్దరు మనుషులు గుండిగకు కర్ర దూర్చి ఒంచారు. గంజి బయటికి, అన్నం లోపల. ఒక్క మెతుకు రాలలేదు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. కొంచెం ఎక్కువే వచ్చింది.

కోడికూర గుండిగలో ఉల్లిపాయలు వేగాయి, ముక్కలు పడ్డాయి, కారం పడింది. తిప్పాలి. షవలు కోసం వెనక్కి తిరిగాను. గోడ దగ్గర లేదు.

సైటంతా చూశాను. మిక్సరు దగ్గర ఒక మనిషి నా షవలుతో కంకర ఎత్తి పోస్తున్నాడు. వేగంగా, హాయిగా పోస్తున్నాడు. నేను అరిచాను. మిక్సరు చప్పుడులో ఎవరికి వినపడుతుంది. పరుగెత్తి వెళ్లి దాని కర్ర కామ పట్టుకున్నాను.

"ఇది నా గరిటె."

"గరిటేందమ్మా, ఇది పార."

"పారే. కానీ గరిటె."

"గోడకి ఆనించుంటే తీసుకున్నా. నా దాని కామ ఇరిగింది."

అతన్ని అనడానికి లేదు. సైటులో గోడకు ఆనించిన పనిముట్టు ఎవరి చేతికి అందితే వాళ్లది. ఇది ఫలానా వాళ్లదని తెలియాలంటే దాని కామకు రంగు పట్టీ పూసుకోవాలి. మేస్త్రీ పెళ్లాన్ని అయ్యుండి ఆ సంగతే మరిచిపోయాను. షవలు నిండా పచ్చి సిమెంటు. కడిగితే పోతుందా అంటే పోతుందేమో. కూరలో పెట్టగలనా అంటే పెట్టలేను. రోడ్డు దాటి కొట్టుకు పోయాను. షవళ్లు ఉన్నాయి, అన్నీ ఆకుపచ్చ రంగు పూసినవే. వాటిని కాల్చి తోమేలోగా కూర బొగ్గవుతుంది. అవతల అప్పుడే అడుగంటే వాసన మొదలైంది.

రోడ్డు మధ్యలో నుంచుని ఒక్క క్షణం జగ్గయ్యపేటలో నా వరండా, దానికి వేసిన తాళం, అన్నీ చూశాను. మళ్లీ వెనక్కి తిరిగి కొట్లోకి వెళ్లాను.

"ఒక కామ ఇయ్యండి. ఒట్టి కామ. కొత్తది."

కామ మోసుకొచ్చి వేడినీళ్లతో కడిగాను. సంచిలోంచి తాపీ తీశాను. కమ్మీలు కట్టే అతను మళ్లీ మెట్లు దిగివచ్చాడు. తాపీ పిడిని కామకు ఆనించి పట్టుకుంటే తీగ చుట్టి, కొక్కెంతో మెలిపెట్టి, కదలకుండా బిగించాడు. పిడి మీద ఎర్ర రంగు పట్టీ ఉంది. ఆయన పూసుకున్నదే. అతను దాన్ని చూసి, నన్ను చూసి, ఇంకో చుట్టు చుట్టాడు.

గుండిగ పక్కన ఇటుకల మీద ఎక్కి నుంచున్నాను. తాపీ అడుక్కి దించి, అంచు ఆనించి లాగాను. గోడకు మాలు లాగేటప్పుడు ఆయన మణికట్టు కదలదు, భుజం కదులుతుంది. ఇంటి గోడలు పూసేటప్పుడు నీళ్లు అందిస్తూ ఎంతసేపు చూశానో. అట్లాగే లాగాను. అడుగున అంటుకోబోతున్న మసాలా పొరలా లేచి వచ్చింది. మళ్లీ లాగాను. పొగకు కళ్లు మండాయి. భుజం దిగిపోతోంది. మోకాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆగలేదు. పైన వాళ్లు ఆపకుండా తట్టలు మోస్తున్నారు, కింద నేను ఆపకుండా లాగుతున్నాను. మాడు వాసన పోయి మసాలా వాసన వచ్చేదాకా ఆ గుండిగ తప్ప ఇంకేమీ చూడలేదు.

తల ఎత్తేసరికి పెద్ద మేస్త్రీ ఎదురుగా ఉన్నాడు.

"ఆడి తాపీ కదూ అది" అన్నాడు.

"అవును."

"ఆడుంటే ఊరుకునేవాడు కాదు."

"ఊరుకునేవాడు కాదు. అడిగితే ఇచ్చేవాడూ కాదు."

ఆయన అటు తిరిగి ముక్కు చీదుకుని, చారులో ఉప్పు చూశావా అని అడిగి వెళ్లిపోయాడు.

ఆఖరి తట్ట పడింది. మిక్సరు ఆగింది. అంత చప్పుడు ఒక్కసారిగా ఆగితే చెవుల్లో ఈగలు ముసిరినట్టుంటుంది. అందరూ కాళ్లూ చేతులూ కడుక్కుని సెంట్రింగు చెక్కలు పరుచుకుని కూర్చున్నారు. అప్పటికే మా అన్న వచ్చి వాళ్ల మధ్యలో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కాతో ఒక్కడే తెల్లగా ఉన్నాడు. నేను కళ్లు మూసుకుని ఒక మాట ప్రభువుకు చెప్పుకుని, పుట్టీ రేకుతో అన్నం తీసి విస్తట్లో పెట్టాను.

"అక్కా, అన్నం ప్లాస్టరింగు చేస్తన్నావా?" అన్నాడొకడు.

"చేస్తన్నా. నీ కడుపుకి రెండు కోటింగులు."

మిక్సరు దగ్గరి మనిషి వంతు వచ్చింది. "పార దొంగకి ముక్క లేదు, పులుసే" అన్నాను. "తోమి నీ కాళ్ల దగ్గర పెడతా కానీ ముక్కెయ్యమ్మా" అన్నాడు. వేశాను. అన్నం ఒక పక్క కాస్త మెత్తబడింది, నాకు తెలుసు. కూరలో కారం ఒక పిసరు ఎక్కువైంది. వాళ్లు మాట్లాడడం మానేసి తింటున్నారు. పనివాళ్లు మాట్లాడకుండా తింటున్నారంటే బాగున్నట్టు. మళ్లీ అడిగారు. మళ్లీ వేశాను. చివరికి గుండిగ అడుగు గీకడానికి కూడా తాపీయే పనికొచ్చింది. ఆ గీకిన ముద్ద నేను తిన్నాను. ముక్క మిగల్లేదు నాకు.

పెద్ద మేస్త్రీ చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ వచ్చాడు. బాగుందనలేదు. ఆయన ఎవరినీ పొగడడు. కట్టిన గోడ బాగుంటే దాని పక్కనే ఇంకో గోడ కట్టమంటాడు, అంతే.

"రేపు టిఫినేంది చెల్లెమ్మా?" అన్నాడు.

"అట్లేస్తా" అన్నాను.

మా అన్న పక్కనే నుంచుని విన్నాడు. చేతి గడియారం చూసుకున్నాడు. నా సంచి తీసి తన భుజాన వేసుకున్నాడు. వాళ్లింటి వైపే నడుస్తాడేమో అనుకున్నాను.

"పద, బస్టాండులో దింపుతా. మళ్లీ పొద్దున్నే రావాలిగా" అన్నాడు.

"ఏ బస్సుకి?"

"ఏ బస్సేంది. జగ్గయ్యపేట బస్సు."

ఇప్పటికీ నా ఇంటి తాళం నా చేతుల్లోనే ఉంది. ఆ బిల్డింగు అయింది, ఆ తర్వాతదీ అయింది. పొద్దున్నే సంచితో బస్సెక్కితే కండక్టరు, "మేస్త్రమ్మా, ఇయ్యాల ఏ సైటు?" అంటాడు. సంచిలో షవలు రేకు, పుట్టీ రేకులు, జాలీ, కటింగు ప్లేయరు అన్నీ ఉంటాయి. అన్నిటికీ ఎర్ర రంగు పట్టీ పూశాను. గోడకు ఆనించినా ఎవరూ ముట్టుకోరు. కొత్త కూలీ ఎవరన్నా తెలియక చెయ్యి వేస్తే మిగతావాళ్లే అరుస్తారు, అది కూర పార, వదిలెయ్ అని.

మా వదిన స్టీలు అట్లకాడ ఒకటి కొని పంపింది. పిడికి పువ్వులు కూడా ఉన్నాయి. దాన్ని వరండాలో మేకుకు తగిలించాను, బాగుంటుంది చూడడానికి. ఇదిగో, ఇప్పుడు రాస్తూ రాస్తూ నా మేనకోడలు కూడా అదే అడుగుతోంది, అది వాడవేమత్తా అని. వాడను. ఆ పొద్దున ఆయనతో ఒక మాట అన్నాను కదా, తెచ్చేదాకా ఇదే అట్లకాడ అని. ఆయన ఇంకా తేలేదు. నా మాట మీద నేనున్నాను.

ఇంక చాలు, కలం పక్కన పెట్టు. పిండి రుబ్బాలి, రేపు అట్లే. నేను పప్పు కడుగుతూ వింటాను కానీ, చదివి వినిపించవే. ఆయన తెస్తాలే అన్నాడే, అది అన్నట్టే రాశావో లేదో చూద్దాం, అక్కడి నుంచి చదువు.